మనోడు పైకొచ్చాడు సరే, మన కూలి పెరిగిందా?

ఈ మధ్య మిరప కోతల దగ్గర, మధ్యాహ్నం సద్దులు విప్పుకునే వేళ, ఒక కుర్రాడు తన సెల్‌ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో రంగు తలపాగా, నిండు గడ్డం, మంచి కోటు వేసుకున్న మనిషి ఒకాయన ఇంగ్లీషులో ఉపన్యాసం చెబుతున్నాడు. "అన్నా, ఈయన పంజాబు నుంచి వలసపోయినోళ్ళ బిడ్డంట. కెనడాలో ఒక పెద్ద పార్టీకే నాయకుడయ్యాడంట. కూలికి పోయినోళ్ళ పిల్లలు అక్కడ మంత్రులు గూడా అయ్యారంట. మరి మనమెందుకు కాలేకపోతున్నాం?" అని అడిగాడు. పక్కన గట్టు మీద కూచున్న ఒక అక్క ముద్ద చేతిలోనే పట్టుకుని, "అయితే ఏమైందిరా? ఆయన నాయకుడైనంక అక్కడి కూలోళ్ళకి కూలి పెరిగిందా?" అన్నది.

ఆ పూట నేను ఆ ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. నేను చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా సంఘం ఆఫీసులో, పాత పత్రికల మధ్య, పెద్దలు చెప్పగా విన్నదే. అందుకని నాలుగు వారాలు తెలిసినవాళ్ళని అడిగి, దొరికినవి చదివించుకుని, చదువుకుని ఈ సంగతులు రాస్తున్నాను. కుర్రాడిది ఆశతో అడిగిన ప్రశ్న. దాన్ని చిన్నచూపు చూడగూడదు. కానీ అక్క అడిగిందే అసలు ప్రశ్న. మన టీవీలు, మన పేపర్లు ఆ ప్రశ్న అడగవు. "మన బిడ్డ అక్కడ గెలిచింది", "మన రక్తం అక్కడ ఏలుతోంది" అని బాకా వూదుతాయి. 2024 నవంబరులో అమెరికా ఉపాధ్యక్షుడిగా వాన్స్ గెలిస్తే, ఆయన భార్య పెద్దలది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని ఆ వూళ్ళో పూజలు చేశారు. ఆ గెలుపువల్ల వడ్లూరు కూలీకి ఏం ఒరిగిందని ఎవరూ అడగలేదు. పంజాబు సిక్కుల బిడ్డల కథ నుంచి మనం నేర్చుకోవలసింది కూడా ఇక్కడే వుంది.

పొలం తాకట్టు పెట్టి ఓడెక్కినవాళ్ళు

మొదట ఆ బిడ్డల తాతలు ఎవరో చూద్దాం. 1900 తర్వాత పంజాబు పల్లెల నుంచి సిక్కు రైతులు, పటాలంలో పనిచేసి విరమించిన సిపాయిలు కెనడా పడమటి తీరంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి పోవడం మొదలుపెట్టారు. వాళ్ళు బొత్తిగా భూమి లేనివాళ్ళు కాదు. నాలుగైదెకరాల పొలం తాకట్టు పెట్టి ఓడ ఖర్చులు తెచ్చుకున్నవాళ్ళు. ఇక్కడ రైతులు, అక్కడ దిగేసరికి కూలీలు. రంపపు మిల్లుల్లో దుంగలు మోశారు, రైలు పట్టాలు వేశారు, అడవులు నరికారు. తెల్ల కార్మికుడికిచ్చే కూలి వీళ్ళకివ్వలేదు.

1907లో ఆ రాష్ట్రం వీళ్ళ ఓటు హక్కు తీసేసింది. 1908లో కెనడా ప్రభుత్వం ఒక తెలివైన నిబంధన పెట్టింది: పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవాళ్ళే దిగాలని. ఇండియా నుంచి అట్లా నేరుగా వచ్చే ఓడే లేదు. అంటే రావద్దని చెప్పకుండానే తలుపు మూసేశారు. 1914లో ఆ నిబంధనని సవాలు చేస్తూ 376 మందితో కొమగాటమారు అనే ఓడ వాంకూవర్ రేవుకి చేరింది. రెండు నెలలు వాళ్ళని నీళ్ళ మీదే నిలబెట్టి, ఇరవై నలుగుర్ని మాత్రం దిగనిచ్చి, మిగతావాళ్ళని వెనక్కి తరిమారు. తిరిగొచ్చి కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగితే, బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరిపి అనేకమందిని పొట్టనబెట్టుకున్నారు.

ఇట్లాంటి అవమానాల్లోంచే అమెరికా పడమటి తీరంలో 1913లో గదర్ పార్టీ పుట్టింది. అందులో పంజాబీలతో పాటు మన తెలుగువాడు దరిశి చెంచయ్య కూడా వున్నాడు. ఆయన తన జీవితకథ "నేనూ నా దేశం" పేరుతో రాసుకున్నాడు కాబట్టి ఆ సంగతులు మన భాషలోనే దొరుకుతాయి. యువకులు చదవాలి.

పోయిన ఓటు 1947లో గానీ తిరిగి రాలేదు. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1940లలో మిల్లు కార్మికుల సంఘంలో పంజాబీ కార్మికులు చేరారు. వాళ్ళని చేర్పించిన నిర్వాహకుల్లో దర్శన్ సింగ్ సంఘా ఒకడు. తెల్లవాడు, చైనావాడు, పంజాబీ ఒకే సంఘంలో చేరాకే సమాన కూలి సంగతీ, ఓటు సంగతీ కదిలాయి. ఆయన తర్వాత పంజాబుకు తిరిగొచ్చి కమ్యూనిస్టు పార్టీలో పనిచేశాడు, శాసనసభ్యుడయ్యాడు. జనం ఆయన్ని దర్శన్ సింగ్ కెనడియన్ అని పిలిచేవారు. 1986లో ఖలిస్తానీ ఉగ్రవాదులు ఆయన్ని కాల్చి చంపారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. "మనోడు" అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఈయన చావే చెబుతుంది. చంపినవాళ్ళూ పంజాబీలే, సిక్కులే.

బెర్రీ తోటల్లో మేస్త్రీల రాజ్యం

వాంకూవర్ పక్కన ఫ్రేజర్ నది లోయ వుంది. స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ, బ్లూబెర్రీ తోటలకి అది పేరుపొందిన చోటు. 1970లలో ఆ తోటల్లో కాయ ఏరేవాళ్ళు ఎక్కువమంది పంజాబు నుంచి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. కొడుకు మిల్లులో, కోడలూ అత్తా తోటలో. ఇంగ్లీషు రాదు. తెల్లారకముందే మేస్త్రి వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. కూలి రోజు లెక్కన కాదు, ఏరిన కాయకి ఇంతని గుత్త లెక్క. తోట యజమాని డబ్బు మేస్త్రి చేతికిస్తాడు. మేస్త్రి తన వాటా కోసుకుని, మిగిలింది సీజను అయిపోయాక ఇస్తాడు. ఒక్కోసారి ఎగ్గొడతాడు కూడా.

మిరప కోతకి, పత్తి తీతకి ముఠాలతో పోయే మన కూలీలకి ఇదంతా వేరే వివరించనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ మేస్త్రి ఎవరు? తెల్లవాడు కాదు. పంజాబీయే, సిక్కే. గురుద్వారాలో పక్కన కూచుని లంగరు తినేవాడే. "మన భాష, మన వూరు, మనోడు" అనే నమ్మకమే వాడి పెట్టుబడి. ఆ పెట్టుబడితోనే కూలీ శ్రమ దోచాడు.

ప్రభుత్వం మాటేమిటి? కనీస వేతనం, పనిగంటలు, ఓవర్‌టైము చట్టాల నుంచి పొలం కూలీని మినహాయించింది. బస ఎక్కడంటే పశువుల కొట్టాలనే గదులుగా మార్చి అందులో పెట్టారు. 1980 జూలైలో అట్లాంటి కొట్టంలో, తల్లి పనికి పోయిన వేళ, ఏడు నెలల పసికందు బకెట్టు నీళ్ళలో పడి చనిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే మరో చోట నీళ్ళు నిండిన కంకర గొయ్యిలో పడి ముగ్గురు పిల్లలు చనిపోయారు. 1982లో పురుగుమందు ఒంటికి పట్టి పందొమ్మిదేళ్ళ కూలీ ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. చేలో మందు కొట్టి ఇంటికొచ్చి పడిపోయినవాళ్ళని మన వూళ్ళల్లో ఎంతమందిని మోశాం?

ఆ పిల్లలు చనిపోయిన 1980 లోనే, కొన్ని నెలల ముందు, ఏప్రిల్‌లో కెనడియన్ ఫార్మ్‌వర్కర్స్ యూనియన్ పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు రాజ్ చౌహాన్. 1973లో పంజాబు నుంచి వచ్చి తోటల్లో పనిచేసినవాడు. సర్వన్ బోల్, చరణ్ గిల్ లాంటివాళ్ళు తోడుగా నిలబడ్డారు. గురుద్వారా గుమ్మం దగ్గర, వ్యాను ఆగే చోట, వంటింట్లో కూచుని ఆడవాళ్ళతో మాట్లాడారు. మేస్త్రీలు కొట్టించారు, బెదిరించారు. అయినా ముసలమ్మలు చున్నీలు బిగించి తోట గేటు ముందు నిలబడ్డారు. ఆనంద్ పట్వర్ధన్, జిమ్ మన్రో కలిసి 1981లో తీసిన "ఎ టైమ్ టు రైజ్" అనే డాక్యుమెంటరీలో ఆ ముసలమ్మలని చూడవచ్చు.

ఈ సంఘం పెద్దదేమీ కాదు. కొద్ది తోటల్లోనే ఒప్పందాలు సాధించింది. 1990ల నాటికి బలహీనపడింది కూడా. కానీ పొలం కూలీ కూడా కార్మికుడేనని ఆ రాష్ట్రం చేత ఒప్పించింది మాత్రం ఆ సంఘమే.

చట్టసభ గడప తొక్కిన బిడ్డలు

ఇప్పుడు కుర్రాడు అడిగిన సంగతికొద్దాం. ఓటు తిరిగొచ్చిన నలభై ఏళ్ళకి, 1986లో, బ్రిటిష్ కొలంబియా శాసనసభకి మో సిహోటా ఎన్నికయ్యాడు. డంకన్ అనే చిన్న పట్నంలో, సిక్కు వలసదారుల ఇంట పుట్టినవాడు. కెనడాలో ఒక రాష్ట్ర శాసనసభకి ఎన్నికైన మొదటి భారత సంతతివాడు ఆయనే. నిలబడింది న్యూ డెమోక్రటిక్ పార్టీ తరఫున. 1961లో కార్మిక సంఘాలు కూడా కలిసి పెట్టిన పార్టీ అది. 1991లో ఆ పార్టీ గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే సిహోటా కార్మిక మంత్రి అయ్యాడు. 1992లో తెచ్చిన కార్మిక చట్టంలో, సమ్మె జరుగుతున్నప్పుడు యాజమాన్యం బయటివాళ్ళని పెట్టి పని నడిపించడాన్ని నిషేధించాడు. ఓటు లేని కార్మికుల మనవల తరం కుర్రాడు, సమ్మె విచ్ఛిన్నాన్ని నిషేధించే చట్టం మీద సంతకం పెట్టే చోటికి చేరాడు. ఆ ప్రభుత్వ కాలంలోనే, 1993లో, వ్యవసాయ పనుల్లో ఆరోగ్య రక్షణ నిబంధనలు వచ్చాయి. పదేళ్ళ కిందట ఫార్మ్‌వర్కర్స్ యూనియన్ వీధుల్లో అరిచి అరిచి అడిగినవి అవే. బయట సంఘం, లోపల మంత్రి, వెనక కార్మికుల పార్టీ. మూడూ వుంటేనే ఆ పని జరిగింది.

ఇంకో బిడ్డ హర్జీత్ సజ్జన్. అయిదేళ్ళప్పుడు హోషియార్‌పూర్ జిల్లా పల్లె నుంచి తల్లితో వచ్చాడు. తండ్రి అప్పటికే రంపపు మిల్లులో పనివాడు. వేసవిలో తల్లి బెర్రీ తోటలకి పోతే, పిల్లలు కూడా వెంటపోయి కాయ ఏరేవారు. ఆ కుర్రాడు పెద్దయ్యాక పోలీసు, సైన్యాధికారి, 2015లో కెనడా రక్షణ మంత్రి. మన కుర్రాడు "కూలోళ్ళ పిల్లలు మంత్రులయ్యారు" అన్నది అక్షరాలా నిజం.

అయితే సజ్జన్‌ని అందలమెక్కించింది లిబరల్ పార్టీ, పెద్ద పెట్టుబడికి ఎన్నడూ దూరం కాని పార్టీ. ఆయన చేతికి సైన్యం వచ్చింది గానీ బెర్రీ తోట రాలేదు. పైగా ఆ దేశంలో పొలం కూలి సంగతి రాష్ట్రాల చేతిలో వుంటుంది. బ్రిటిష్ కొలంబియాలో 2001లో గెద్దెనెక్కిన ప్రభుత్వం, పొలం కూలీలకి అప్పటికి దక్కిన పనిగంటలు, ఓవర్‌టైము, సెలవు దినాల జీతం రక్షణలని మళ్ళీ తీసేసింది. చేత్తో ఏరే పంటలకి గుత్త రేటు పద్ధతి నిలిచేవుంది. 2007 మార్చి 7న అబ్బాట్స్‌ఫర్డ్ దగ్గర మేస్త్రి వ్యాను బోల్తాపడి ముగ్గురు పంజాబీ కూలి స్త్రీలు చనిపోయారు. వ్యాను నిండా కిక్కిరిసిన మనుషులు, చెక్కబల్ల, చాలినన్ని బెల్టులు లేవు. ఆటోలో ఇరవైమందిని కుక్కి మిరప కోతకి తీసుకుపోయే మన రోడ్ల మీది చావులే అవి. సజ్జన్ ఎదుగుదల మీద నాకు ఈర్ష్య లేదు. కాయ ఏరిన చెయ్యి ఏ పనికైనా తగుతుందని ఆయన రుజువు చేశాడు. కానీ ఆ తల్లులెక్కిన వ్యానుకి బెల్టు తగిలించేది ఒక కొడుకు ఎదుగుదల కాదు, సంఘం.

అదే పుట్టుక, ఎదుటి పక్షం

పుట్టుకే అన్నీ తేలుస్తుందని ఇంకా ఎవరికైనా అనుమానముంటే నిక్కీ హేలీని చూడండి. 1972లో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, బాంబెర్గ్ అనే చిన్న వూళ్ళో, సిక్కు వలసదారులైన రణ్‌ధావా దంపతులకి పుట్టింది. తండ్రి కాలేజీ అధ్యాపకుడు, తల్లి బట్టల దుకాణం పెట్టింది. ఆ వూళ్ళో చిన్నపిల్లల అందాల పోటీ జరిగితే, తెల్లపిల్లలకి ఒక కిరీటం, నల్లపిల్లలకి ఒక కిరీటం. ఈ అక్కచెల్లెళ్ళని ఏ వరసలో నిలబెట్టాలో తెలియక పోటీ నుంచే తీసేశారు. వర్ణవివక్ష రుచి చిన్ననాడే చూసిన మనిషి.

2010లో ఆమె ఆ రాష్ట్ర గవర్నరుగా గెలిచింది. 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో ఒక జాత్యహంకారి తొమ్మిదిమంది నల్లవారిని కాల్చి చంపాక, బానిసత్వం కోసం యుద్ధం చేసినవాళ్ళ జెండాని శాసనసభ ఆవరణ నుంచి దింపించింది. అది మంచిపనే, ఒప్పుకుందాం. కానీ కార్మికుల దగ్గరికొచ్చేసరికి ఆమె పక్షం దాచుకోలేదు. కార్మిక సంఘాలు అతి బలహీనంగా వున్న రాష్ట్రాల్లో అదొకటి. 2014లో ఆమె, సంఘాలున్న కంపెనీలని మా రాష్ట్రానికి రానివ్వకుండా నిరుత్సాహపరుస్తాం, ఇక్కడి నీళ్ళు కలుషితం చేసుకోదలచుకోలేదు అనే అర్థంలో బహిరంగంగానే చెప్పింది. సంఘం అంటే ఆమెకి చెరువులో కలిసే విషం! ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి అయింది, 2024లో అధ్యక్ష పదవికి తమ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీపడింది.

సిహోటా సిక్కు వలసదారుల బిడ్డ. హేలీ సిక్కు వలసదారుల బిడ్డ. సమ్మెని కాపాడే చట్టం ఒకరు తెచ్చారు, సంఘమే కాలుష్యమని ఇంకొకరు అన్నారు. ఇద్దరిలో తేడా రక్తంలో లేదు. ఎవరి భుజాల మీద ఎక్కారు, గెలిచాక ఎవరికి లెక్కచెప్పాలి అన్నదానిలో వుంది.

పాతిక సీట్ల బేరం

ఇక కుర్రాడి సెల్‌ఫోన్‌లోని మనిషి జగ్మీత్ సింగ్. 1979లో కెనడాలోని స్కార్‌బరోలో పుట్టాడు. తండ్రి మానసిక వైద్యుడు. ఈయన కూలి బిడ్డ కాదు. అయితే వంశం మామూలుది కాదు. పటియాలా సంస్థానంలో ప్రజామండలి ఉద్యమాన్ని నడిపి, 1935లో రాజు జైల్లో ప్రాణం విడిచిన సేవాసింగ్ ఠీక్రీవాలా ఈయన ముత్తాతల తరంవాడు. నిజాం జైళ్ళు ఎరిగిన మనకి పటియాలా రాజు జైలు ఎట్లా వుంటుందో చెప్పనక్కర్లేదు. తండ్రి తాగుడువల్ల ఇల్లు పడ్డ పాట్లు, బడిలో రంగు చూసి పెట్టిన హింసలు తన పుస్తకంలో జగ్మీత్ దాచకుండా రాసుకున్నాడు. వకీలు అయ్యాడు, 2011లో ఒంటారియో శాసనసభకి గెలిచాడు, 2017 అక్టోబరు 1న న్యూ డెమోక్రటిక్ పార్టీ దేశ నాయకుడయ్యాడు. ఆ దేశంలో ఒక ప్రధాన పార్టీకి తెల్లవాడు కాని మనిషి నాయకుడవడం అదే మొదలు.

ఆ తలపాగాతో నిలబడటమే ఒక పోరాటం. 1990 దాకా తలపాగాతో కెనడా పోలీసు దళంలో చేరనివ్వలేదు. 2019లో క్విబెక్ రాష్ట్రం, మత చిహ్నం ధరించినవాళ్ళు టీచర్లుగా, పోలీసులుగా, ప్రభుత్వ వకీళ్ళుగా పనిచేయగూడదని చట్టం చేసింది. ఆ ఏటి ఎన్నికల ప్రచారంలో మాంట్రియల్ సంతలో ఒక ముసలాయన జగ్మీత్ దగ్గరికొచ్చి, ఆ తలగుడ్డ తీసేస్తే కెనడావాడిలా కనపడతావు అన్నాడు. కెనడావాళ్ళు అన్ని రకాలుగానూ వుంటారండీ అని ఈయన నెమ్మదిగా చెప్పి ముందుకు పోయాడు. మీసం తిప్పాడనీ, చెప్పులేసుకు నడిచాడనీ తన్నులు తిన్న వాడలకి ఆ నిదానం వెనకాల ఎంత మంట వుంటుందో తెలుసు.

ఈయన్ని గురించి మన దేశంలో ఒక విమర్శ వుంది. 1985లో ఎయిరిండియా విమానం పేల్చివేతలో 329 మంది చనిపోయారు. ఆ దుర్మార్గానికి సూత్రధారి ఎవరో విచారణలో తేలినా, 2017లో అడిగినప్పుడు ఈయన నేరుగా చెప్పలేదు. 2018లో గానీ ఆ నిర్ధారణని ఒప్పుకోలేదు. అది తప్పు. మతం పేరు చెప్పి ఓట్లు పోగేసేవాళ్ళతో సర్దుకుపోతే, రేపు కూలీల మధ్య గోడ కట్టేది వాళ్ళే. దర్శన్ సింగ్ కెనడియన్ చావు చెప్పే పాఠమదే.

ఇక చేసిన పని చూద్దాం. 2021 ఎన్నికల్లో ఆ పార్టీకి 25 సీట్లు వచ్చాయి. లిబరల్ ప్రభుత్వానికి మెజారిటీ లేదు. 2022 మార్చిలో జగ్మీత్ బయటి నుంచి మద్దతిచ్చే ఒప్పందం చేసుకున్నాడు, ఊరికే కాదు, షరతులతో. ఆ షరతులవల్ల బీమా లేని, తక్కువ ఆదాయమున్న కుటుంబాలకి ప్రభుత్వ ఖర్చుతో పళ్ళ వైద్యం వచ్చింది. చక్కెర వ్యాధి మందులకీ, గర్భనిరోధక మందులకీ ప్రభుత్వమే చెల్లించే పద్ధతికి 2024లో చట్టం వచ్చింది. కేంద్రం కిందికి వచ్చే రైళ్ళు, రేవులు, బ్యాంకుల్లాంటి చోట్ల సమ్మె కాలంలో బయటివాళ్ళని పెట్టడం నిషేధిస్తూ 2024 జూన్‌లో చట్టమైంది, 2025 జూన్ నుంచి అమలయింది. పాతికమందితో ఇంత సాధించడం చిన్న సంగతి కాదు.

మరి జనం ఏం చేశారు? 2025 ఏప్రిల్ 28 ఎన్నికల్లో ఆ పార్టీకి దక్కినవి 7 సీట్లు. జగ్మీత్ తన సీటులో మూడో స్థానానికి పడిపోయి, నాయకత్వం వదులుకున్నాడు. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ బెదిరింపులకి భయపడి ఓటర్లు రెండు పెద్ద పార్టీల వైపు పరుగెత్తారన్నది నిజమే. కానీ చేసిన మేలు ఎవరి ఖాతాలో పడింది? గెద్దె మీద కూచున్న పార్టీ ఖాతాలో. ఈ చేదు మనకి కొత్త కాదు. 2004లో దాదాపు 60 మంది వామపక్ష సభ్యుల మద్దతుతో నడిచిన ప్రభుత్వం 2005లో ఉపాధి హామీ చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం చేసింది. 2009కి ఆ 60 కాస్తా 24 అయింది. చట్టం తెచ్చిన చేతులు జనానికి కనపడలేదు, పేరు పెట్టిన చేతులే కనపడ్డాయి. చట్టాన్ని వాడవాడకీ తీసుకుపోయి, ఇది మన పోరాటంతో వచ్చిందని చెప్పి, దాని కోసం జనాన్ని కూడగట్టే సంఘం కింద లేకపోతే, పైనున్న బేరం ఇసుక మీద గీసిన గీతే.

ఇంకో లోటు కూడా వుంది. జగ్మీత్ ఆరేళ్ళు ఎమ్మెల్యేగా వున్న ఒంటారియోలోనే 1994లో కార్మికుల పార్టీ ప్రభుత్వం పొలం కూలీలకి సంఘం పెట్టి బేరమాడే హక్కు ఇచ్చింది. మరుసటి ఏడే కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. సుప్రీంకోర్టు 2001లో తప్పుపడితే 2002లో కంటితుడుపు చట్టం ఒకటి చేశారు. సంఘంగా కలవవచ్చు, వినతిపత్రం ఇవ్వవచ్చు, యజమాని వింటే చాలు! 2011లో కోర్టు దానికే సరేనంది. అక్కడి తోటల్లో ఇప్పుడు మెక్సికో, జమైకా నుంచి సీజనుకి తెచ్చే కూలీలున్నారు. వాళ్ళకి ఓటు లేదు, యజమాని మారే స్వేచ్ఛ లేదు, ఎదురు మాట్లాడితే ఇంటికి పంపిస్తారు. 2004 నుంచి బ్రిటిష్ కొలంబియా తోటల్లోకీ మెక్సికో కూలీలని తెచ్చారు. ఆ తోటల యజమానుల్లో ఇప్పుడు పంజాబీలు కూడా చాలామంది. ఒకనాడు ఓటు లేక, సంఘం లేక అల్లాడినవారి వారసులే, ఓటు లేనివాడి చేత కాయ ఏరిస్తున్నారు.

ఇక మన సంగతి

మా పక్క ఒక పంచాయతీలో కొన్నేళ్ళ కిందట సీటు రిజర్వయింది. మాతో పాటు నాట్లకి, కోతలకి వచ్చిన ఒక కూలి బిడ్డనే నిలబెట్టి, చందాలేసుకుని గెలిపించాం. పేరెందుకు, మంచివాడే. ఆ రాత్రి వాడంతా డప్పు మోగింది. మరుసటి ఎండాకాలం కూలిరేటు కోసం పని ఆపితే, ఆసాముల ఇంటి అరుగు మీద కూచుని "ఈ ఏటికి సర్దుకోండి" అని మాకే చెప్పాడు. చాలా రోజులు వాడిని తిట్టాను. ఇప్పుడాలోచిస్తే తప్పు సగం మాది. గెలిపించినంక మేము మళ్ళీ ఎవరి పనిలోకి వాళ్ళం పోయాం. నెలకొకసారి పిలిచి కూచోబెట్టి లెక్క అడిగిన పాపాన పోలేదు. ఆసాములు మాత్రం రోజూ పిలిచి కుర్చీ వేశారు. మనిషి ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికే పోతాడు.

బెర్రీ తోటల సంఘం అధ్యక్షుడు రాజ్ చౌహాన్ 2005లో బ్రిటిష్ కొలంబియా శాసనసభకి ఎన్నికయ్యాడు. 2020 డిసెంబరులో ఆ సభకి స్పీకరయ్యాడు. మేస్త్రీల మనుషుల చేత తిట్లు తిన్న మనిషి సభ నడిపే కుర్చీలో కూచోవడం మనకి సంతోషమే. కానీ ఆయన స్పీకరు కుర్చీ కంటే, 1980లో గురుద్వారా గుమ్మం దగ్గర చేతిలో కరపత్రాలు పట్టుకుని నిలబడ్డ ఆ నేల విలువైనది. ఎందుకంటే ఆ నేల మీద వందమంది నిలబడవచ్చు. కుర్చీలో ఒక్కడే కూచోగలడు.

అందుకని ఆ కుర్రాడికి నా జవాబు ఇది: తమ్ముడూ, నువ్వు తప్పకుండా పోవాలి. పంచాయతీకి పో, అసెంబ్లీకి పో, ఆఫీసరువి కా. కాయ ఏరే చెయ్యి సంతకం పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు. కానీ ఒంటరిగా పోవద్దు. ఒంటరిగా ఎక్కినవాణ్ణి పైనున్నవాళ్ళు తమలో కలుపుకుంటారు. సంఘం పంపగా ఎక్కితే, నువ్వు జారితే పట్టుకునేదీ సంఘమే, దారి తప్పితే దించేదీ సంఘమే.

మొన్న మళ్ళీ ఆ చేను మీదికి పోయి ఇదంతా చెప్పాను. అక్క మొత్తం విని, "అయితే మనోడా కాదా అని మొహం చూసి చెప్పలేమన్నమాట" అన్నది. "చెప్పలేం అక్కా" అన్నాను. "సరే, ముందు మన సంగతి తేల్చు. ఈ ఏడు కోతకి కిలోకి ఎంత అడుగుదాం? మేస్త్రి ఇంకా చెప్పలేదు" అన్నది. ఆ సాయంత్రమే వాడలో కూచున్నాం. నలభైమంది వచ్చారు. ఆ కుర్రాడే పేర్లు రాశాడు.